దూరం నుంచి శ్వాసను కొలిచే పరికరం శ్వాస కండరాల బలాన్ని చెప్పగలదా?

డాక్టర్ గారూ, మీరు అడిగినదాన్ని ముందుగా నాకు అర్థమైన మేరకు చెప్పి తర్వాత జవాబులోకి వస్తాను, ఎందుకంటే మీ ఒక్క ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి, వాటి జవాబులు వేరు. మీరు ఆదిలాబాద్ జిల్లాలో, పెన్‌గంగకు ఇవతలి ఒడ్డున, కొద్ది పడకలున్న ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. పత్తికి మందు కొట్టే నెలల్లో పురుగుమందు విషం ఎక్కినవారు, వానాకాలం రాత్రుల్లో కట్లపాము కరిచినవారు మీ దగ్గరికి వస్తారు. నది అవతల యవత్‌మాల్ జిల్లా ఊళ్ల నుంచి కూడా కొందరు వస్తారు. ఒక కంపెనీ ప్రతినిధి గోడకు బిగించే చిన్న రాడార్ పెట్టెను తెచ్చి, అది రోగిని తాకకుండానే నిమిషానికి ఎన్ని శ్వాసలో చూపుతుందనీ, దానితో పాటు ‘శ్వాస కండరాల బలం’ పేరుతో వందకు ఇన్ని అని మార్కులు కూడా ఇస్తుందనీ చెప్పాడు. ఆ మార్కులను బట్టి రోగిని ఆదిలాబాద్‌లోని పెద్దాసుపత్రి అయిన రిమ్స్‌కో నాగపూర్‌కో ఎప్పుడు పంపాలో నిర్ణయించుకోవచ్చా అని మీరు అడిగారు.

శ్వాస వేగం విషయంలో, కొన్ని షరతులకు లోబడి, ఆ పెట్టెను నమ్మవచ్చు. బలం మార్కుల విషయంలో నమ్మకూడదు. రెండో మాట ఆ ఒక్క కంపెనీ గురించి చెబుతున్నది కాదు. దూరం నుంచి కదలికను మాత్రమే చూసే ఏ పరికరానికైనా అది వర్తిస్తుంది.

శ్వాస కండరాల బలం అని వైద్యంలో మనం అనేది అవి పుట్టించగల పీడనాన్నే. ఊపిరి పూర్తిగా వదిలేసి, అవతలి కొన మూసి ఉన్న గొట్టంలోంచి శక్తి కొద్దీ లోపలికి లాగినప్పుడు నోటి దగ్గర ఏర్పడే ఋణ పీడనం ఊపిరి తీసే కండరాల బలానికి కొలత. ఊపిరి నిండా పట్టి అదే గొట్టంలోకి శక్తి కొద్దీ ఊదినప్పుడు ఏర్పడే ధన పీడనం ఊపిరి వదిలే కండరాల బలానికి కొలత. మేయో క్లినిక్‌కు చెందిన బ్లాక్, హయట్ అనే వైద్యులు 1969లో ప్రకటించిన పద్ధతే కొద్ది సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది, కొలమానం సెంటీమీటర్ల నీటిమట్టం. ఊపిరి లాగే పీడనం మైనస్ 80 దాకా వెళ్లగలిగితే లెక్కలోకి వచ్చేంత బలహీనత లేదని సాధారణంగా భావించవచ్చు. ఇక్కడ గమనించవలసినది, గొట్టం మూసి ఉంది, గాలి దాదాపు కదలడం లేదు, ఛాతీ కూడా పెద్దగా కదలడం లేదు. అయినా బలం పూర్తిగా బయటపడుతోంది.

రాడార్ చేసే పని దీనికి సరిగ్గా ఎదురు. అది ఛాతీ ముందు భాగం ఎంత ముందుకు వచ్చింది, ఎంత వెనక్కి వెళ్లింది అన్నది చూస్తుంది. మామూలు శ్వాసలో ఆ కదలిక సుమారు 4 నుంచి 12 మిల్లీమీటర్లు. గుండె కొట్టుకోవడం వల్ల చర్మం కదిలేది ఒక మిల్లీమీటరులోపే. 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రాడార్ తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్లు కాబట్టి ఇంత చిన్న కదలికలు కూడా తిరిగివచ్చే తరంగపు దశలో, అంటే తరంగం తన చుట్టులో ఏ చోట ఉందన్న దానిలో, స్పష్టంగా కనబడతాయి. ఇది మంచి ఇంజనీరింగే, అందులో అనుమానం లేదు. కానీ దూరాన బావి గట్టు మీద నీళ్లు తోడుతున్న మనిషి చేతులు ఎంత వడిగా ఆడుతున్నాయో చూసి చెప్పవచ్చు గానీ బొక్కెన బరువెంతో, ఆ చేతుల్లో ఇంకెంత సత్తువ మిగిలి ఉందో చెప్పలేము. రాడార్ చూసేది చేతుల ఆటను మాత్రమే.

ఈ మాటను అంకెల్లో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ఆరోగ్యవంతుడు నిశ్చలంగా పడుకుని ఊపిరి తీస్తున్నప్పుడు ఛాతీ లోపలి పీడనం ఒక్కో శ్వాసకు 5 సెంటీమీటర్ల నీటిమట్టం లోపే మారుతుంది. అదే మనిషి శక్తి కొద్దీ లాగితే 100కు అటూ ఇటూ వస్తుంది. అంటే మామూలు శ్వాసకు ఖర్చయ్యేది ఉన్న బలంలో ఇరవయ్యో వంతు. కండరాల బలం నాలుగింట మూడు వంతులు పోయినా, ఆ మిగిలిన పావు వంతుతోనే ఛాతీ మునుపటిలా లేచి పడుతూ ఉండగలదు. గోడ మీది పెట్టెకు అంతా సవ్యంగానే కనబడుతుంది. ఊపిరితిత్తుల పూర్తి సామర్థ్యాన్ని, అంటే నిండా తీసి మొత్తం వదలగలిగే గాలి పరిమాణాన్ని కొలిచినా ఇదే ఇబ్బంది కొంత ఉంది: పీడనానికీ పరిమాణానికీ ఉన్న సంబంధం సరళరేఖ కాదు, పై భాగంలో అది చదునుగా ఉంటుంది కాబట్టి, పీడనం బాగా పడిపోయిన తర్వాత గానీ పరిమాణం తగ్గడం మొదలుకాదు. ఆ గాలి పరిమాణాన్ని కొలిచే స్పైరోమీటరే ఆలస్యంగా చెప్పే సంగతిని, నిశ్చల శ్వాస కదలికను దూరం నుంచి చూసి ముందుగా చెప్పగలమనడం శరీరధర్మానికి పొసగదు.

దీనికి తోడు, ఒకే బలం వేర్వేరు మనుషుల్లో వేర్వేరు కదలికను ఇస్తుంది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు ఉబ్బిపోయిన అవ్వకు డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే ముఖ్య శ్వాస కండరం) చదునై కదలిక తక్కువ ఉంటుంది, అది కండర రోగం కాదు. పాత క్షయ వల్ల ఒక పక్క ముడుచుకుపోయిన ఛాతీ, న్యుమోనియాతో గట్టిపడిన ఊపిరితిత్తి, నెలలు నిండిన గర్భిణి పొట్ట, వీటిలో ప్రతిదీ కదలికను మార్చేస్తుంది. కదలిక అనేది కండరం ప్రయోగించిన పీడనమూ, ఛాతీ ఊపిరితిత్తులు దానికి లొంగే గుణమూ కలిసి ఇచ్చే ఫలితం. ఆ లొంగే గుణం తెలియకుండా కదలిక నుంచి పీడనాన్ని వెనక్కి లెక్కకట్టడం కుదరదు.

సాంకేతికంగా కూడా శ్వాస వేగం కంటే కదలిక పరిమాణం కొలత చాలా సులువుగా దెబ్బతింటుంది. 5 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యంతో ఛాతీ 10 మిల్లీమీటర్లు కదిలితే, తరంగం పోయిరావడం కలుపుకుని దశ నాలుగు పూర్తి చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లను ఒక్కటీ తప్పకుండా లెక్కపెట్టుకుంటూ పోవాలి. రోగి ఒక్కసారి ఒళ్లు విదిలిస్తే లెక్క ఒక చుట్టు తప్పుతుంది. అప్పుడు శ్వాసల సంఖ్య సరిగ్గానే ఉంటుంది, కదలిక పరిమాణం మాత్రం తప్పుతుంది. పైగా రాడార్‌కు తన వైపుగా జరిగిన కదలిక మాత్రమే తెలుస్తుంది. వెల్లకిలా పడుకున్న మనిషి పక్కకు తిరిగితే బలం రవ్వంత కూడా మారదు, కదలిక అంకె మాత్రం ఎంతో మారిపోతుంది. మీకు చూపించిన ‘వందకు ఇన్ని’ అనే మార్కులు ఇటువంటి పరిమాణం మీద కట్టినవే అయి ఉంటాయి. ఏ సూత్రంతో కట్టారో ప్రతినిధి చెప్పలేకపోయాడని మీరే రాశారు.

ఇంతకంటే ప్రమాదకరమైన విషయం మరొకటి ఉంది. కదలిక ఉన్నంత మాత్రాన గాలి ఆడుతోందని కాదు. పురుగుమందు రోగిలో నోరూ గొంతూ ఉమ్మితో నిండిపోయినప్పుడు, పాము కరిచినవారిలో గొంతు కండరాలు సడలి నాలుక వెనక్కి పడినప్పుడు, మనిషి ఊపిరి కోసం ఛాతీని ఎగరేస్తూనే ఉంటాడు, గాలి లోపలికి పోదు. రాడార్ వాటిని నిమిషానికి 24 శ్వాసలు అని ప్రశాంతంగా ఆకుపచ్చ రంగులో చూపుతుంది. దీన్ని ఆ ప్రతినిధి ముందే పరీక్షించవచ్చు: ఆరోగ్యంగా ఉన్న వార్డుబాయ్‌ను పడుకోబెట్టి, ముక్కూ నోరూ చేత్తో మూసుకుని కొద్ది సెకన్లు ఊపిరి తీయడానికి ప్రయత్నించమనండి. గాలి ఒక్క చుక్క కూడా ఆడకపోయినా పెట్టె శ్వాసలు లెక్కపెడుతూ ఉంటే, దాని పరిమితి అక్కడున్న అందరికీ ఒకేసారి అర్థమవుతుంది.

అలాగని దూరపు కొలతలను తీసిపారేయనక్కరలేదు. శ్వాస వేగం మన ఆసుపత్రుల్లో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైన కొలత. కేస్ షీట్లు తిరగేయండి: రాత్రి డ్యూటీలో వరుసగా 18, 20, 18, 20 అని ఉంటుంది, మధ్యలో మనిషి చనిపోయినా. (నర్సులను తప్పుపట్టి లాభం లేదు, ఒకరే ఇద్దరి పని చేస్తున్నచోట ప్రతి మంచం దగ్గరా నిలబడి పూర్తి నిమిషం లెక్కపెట్టడం జరిగే పని కాదు.) పెద్దవారిలో విశ్రాంతిలో 12 నుంచి 20 వరకు మామూలు. పిల్లల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే వేగం ఎక్కువ ఉన్నట్టు. ఈ లెక్కను రాత్రంతా అలసట లేకుండా చేసే యంత్రం నిజంగా ఉపయోగమే. బిడ్డ నిద్రలో ఉండగా తాకకుండా లెక్కపెట్టగలగడం ఇంకా ఉపయోగం, చెయ్యి వేసిన క్షణంలోనే పిల్లల శ్వాస మారిపోతుంది కాబట్టి. నాలుగు గంటల్లో వేగం 18 నుంచి 28కి మెల్లమెల్లగా ఎక్కిందంటే ఆ రేఖ మీకు ఒక హెచ్చరిక. ఏ ఒక్క అంకె కంటే ఆ రేఖే విలువైనది.

వేగం కాకుండా దూరం నుంచి తెలుసుకోదగ్గ మరో మంచి విషయం ఛాతీ, పొట్ట కలిసి కదులుతున్నాయా లేదా అన్నది. ఛాతీ గోడను పక్కటెముకల భాగం, పొట్ట భాగం అనే రెండు కదిలే భాగాలుగా భావించవచ్చని కోన్నో, మీడ్ 1967లో చూపించారు. ఆ తర్వాతి పద్ధతులు చాలావరకు దానిమీదే నిలబడ్డాయి. డయాఫ్రం బలహీనపడితే ఊపిరి తీసేటప్పుడు పొట్ట పైకి లేవవలసింది పోయి లోపలికి గుంజుకుంటుంది. ఒంటి నిండా ప్రతిబింబక బిందువులు అతికించి చుట్టూ కెమెరాలతో చూసే పద్ధతి, గళ్ల వెలుగును ఛాతీ మీద వేసి ఆ గళ్లు వంగే తీరును చూసే పద్ధతి, లోతును కొలిచే కెమెరాలు, ఇవన్నీ ఈ రెండు భాగాలనూ విడివిడిగా చూడగలవు. ఒకే కిరణంతో మొత్తం మొండేన్ని ఒకే బిందువుగా చూసే చవక రాడార్ చూడలేదు. పొట్ట గుంజుకుంటోందా లేదా అన్నది మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కంటిని పొట్ట ఎత్తులో పెట్టి ఒక నిమిషం చూస్తే మీకే తెలుస్తుంది. దానికి విద్యుత్తు కూడా అక్కరలేదు. అయితే రోగిని వెల్లకిలా పడుకోబెట్టి చూడాలి, కూర్చున్నప్పుడు ఆ లక్షణం దాగిపోతుంది.

వేడిని చూసే కెమెరాల గురించి కూడా మీరు ఒక వాక్యం అడిగారు. ముక్కు రంధ్రాల దగ్గర వదిలే గాలి వెచ్చగా, తీసే గాలి చల్లగా ఉంటుందన్న తేడా మీదే అవి నడుస్తాయి. వదిలే గాలి 34 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మన ఆదిలాబాద్‌లో మే నెల మధ్యాహ్నం వార్డులో గాలి అంతే వేడిగానో, అంతకంటే వేడిగానో ఉన్నప్పుడు ఆ తేడా కరిగిపోతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. డిసెంబరులో చలికి ముఖం దాకా దుప్పటి కప్పుకుని పడుకుంటారు, అప్పుడు ముక్కే కనబడదు. ఆక్సిజన్ మాస్క్ పెట్టినా అంతే. చల్లని గదుల్లో పరీక్షించిన యంత్రాన్ని మన ఎండలోకి తెచ్చుకునే ముందు ఇది ఆలోచించాలి. ఈ ఒక్క విషయంలో రాడార్‌ది పైచేయి. గుడ్డ గుండా, చాలావరకు దుప్పటి గుండా కూడా అది చూడగలదు.

కానీ రాడార్‌కు వేరే చిక్కులున్నాయి. తిరిగే సీలింగ్ ఫ్యాను, ఊగే కిటికీ తెర, కూలర్ గాలికి కదిలే దుప్పటి అంచు, మంచం మీదే కూర్చున్న బంధువు, తల్లి పక్కలో పడుకున్న పిల్ల, ఇవన్నీ దాని కంటికి కదిలే వస్తువులే. మన వార్డుల్లో రోగి ఒంటరిగా పడుకున్న మంచం ఎక్కడుంది? పురుగుమందు రోగుల్లో ఇంకో మాట: కండరాలు అదిరిపోతుంటాయి, విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైతే మనిషి కలవరపడి పెనుగులాడుతుంటాడు. అటువంటప్పుడు నిజాయితీ గల యంత్రం ‘కొలవలేకపోతున్నాను’ అని గీతలు చూపాలి, ఏదో ఒక అంకె చూపకూడదు. కాబట్టి ప్రతినిధిని మూడు పనులు చేయించమనండి. ఖాళీ మంచం ముందు, ఫ్యాను పూర్తి వేగంలో తిరుగుతుండగా పెట్టెను పది నిమిషాలు నడపాలి. అది శ్వాస ఉందని చూపితే అక్కడితో మాట ముగిసినట్టే. తర్వాత ఒక ఆరోగ్యవంతుణ్ణి 20 సెకన్లు ఊపిరి బిగబట్టమని, ఎన్ని సెకన్లకు పెట్టె గుర్తించిందో చూడాలి. మూడోది, మంచం మీద ఇద్దరు కూర్చున్నప్పుడు అది ఎవరి శ్వాసను చెబుతోందో అడగాలి.

పల్స్ ఆక్సీమీటర్ ఉంది కదా, అది చాలదా అని మీరు రాసిన మాట దగ్గర కొంచెం ఆగాలి. ఊపిరితిత్తులు బాగుండి కండరాలు మాత్రమే నీరసించినవారిలో ముందు పెరిగేది కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ శాతం చివరగా పడుతుంది. గదిలో గాలి పీలుస్తున్న మనిషి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం మామూలు 40 నుంచి 60 మిల్లీమీటర్ల పాదరసానికి పెరిగినా, లెక్క ప్రకారం ఊపిరితిత్తి గదుల్లో ఆక్సిజన్ పీడనం 75 దగ్గర ఉంటుంది. వేలికి పెట్టిన యంత్రం 90కి పైనే చూపుతుంది. ఇక రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టామంటే కార్బన్ డయాక్సైడ్ 80 దాకా పెరిగినా ఆ యంత్రం 97, 98 అని చూపవచ్చు. ఆక్సిజన్ పెట్టిన కండర బలహీనత రోగిలో ఆ అంకె ఊరట ఇవ్వకూడదు. గోడ మీద రాడార్ ఆకుపచ్చగా, వేలి మీద యంత్రం 98గా ఉండగా మనిషి అలసి మగతలోకి జారిపోవడం పూర్తిగా సాధ్యమే. మగతను నిద్ర అనుకుని బంధువులు ‘ఇప్పుడే పడుకున్నాడు, లేపకండి’ అంటారు, లేపాలి.

మరి మీరు చేయవలసినది ఏమిటంటే, బలాన్ని బలంగానే కొలవాలి. నోటి పీడనం కొలిచే చేతి పరికరం దొరుకుతుంది. అది లేకపోతే, ఋణ, ధన పీడనాలు రెండూ చూపే మామూలు ముల్లు గేజి, నోటి గొట్టం, మధ్యలో క్రిముల వడపోత ఉంటే పని జరుగుతుంది. గొట్టంలో 2 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి తప్పక ఉండాలి. అది లేకపోతే రోగి గొంతు మూసి బుగ్గలతోనే పీల్చి పెద్ద అంకె తెస్తాడు. పీడనం కనీసం ఒకటిన్నర సెకను నిలవాలి, ముల్లు ఎగిరి పడిన అంచును చదవకూడదు. ఒకదానికొకటి దగ్గరగా మూడు ఫలితాలు వచ్చేదాకా చేయించి వాటిలో మంచిది రాసుకోవాలి. ఇది రోగి ప్రయత్నం మీద ఆధారపడిన పరీక్ష కాబట్టి, పక్కన నిలబడి ‘లాగు, లాగు, ఇంకా లాగు’ అని గట్టిగా అరిచే మనిషి కావాలి. మెల్లగా చెప్పే డాక్టరు చేతిలో ఈ పరీక్ష ఎప్పుడూ తక్కువే చూపుతుంది.

పాము కరిచినవారిలో ముఖ కండరాలు సడలి పెదవులు గొట్టాన్ని పట్టలేవు, గాలి కారిపోతుంది, లేని బలహీనత కూడా ఉన్నట్టు కనబడుతుంది. అటువంటివారికి మూతి మీద మాస్క్ అదిమి కొలవవచ్చు, లేదా ఒక ముక్కు రంధ్రంలో చిన్న బిరడా ద్వారా గొట్టం పెట్టి రెండో రంధ్రంతో ముక్కును ఒక్కసారి గట్టిగా ఎగపీల్చమనవచ్చు. ఆ పద్ధతిలో పురుషుల్లో 70, స్త్రీలలో 60 దాటితే పెద్ద బలహీనత లేనట్టు.

ఇప్పుడు తాకకుండా కొలవడం అనే మీ అసలు కోరికకు వస్తాను. అటువంటి పరీక్ష ఒకటి ఎప్పటినుంచో మన చేతిలో ఉంది: ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో చూడడం. ఊపిరి నిండా తీసుకుని, సెకనుకు రెండు అంకెల చొప్పున, మామూలు గొంతుతో ఆగకుండా లెక్కపెట్టమనాలి. ఆరోగ్యవంతులు 50 దాకా వెళతారు. 20 లోపు ఆగిపోతే ఊపిరితిత్తుల సామర్థ్యం ప్రమాదకరంగా తగ్గిందని అనుమానించాలి. ఇది కూడా పరిమాణానికే దగ్గర, పీడనానికి కాదు. కానీ ఇందులో రోగి తన మొత్తం నిల్వను ఖర్చుపెట్టి చూపిస్తాడు, రాడార్ చూసే నిశ్చల శ్వాసకు లేని గుణం అదే. మన దగ్గర తెలుగు, మరాఠీ, గోండి, కొలామి, ఉర్దూ మాట్లాడేవారు ఒకే వరుసలో పడుకుంటారు. అంకెల పొడవు భాషకో రకం కాబట్టి, ఫోనులో నిమిషానికి 120 దెబ్బలు కొట్టే తాళం పెట్టి దాని వెంట లెక్కించమనండి, ఒక్కో రోగికి ప్రతిసారీ అదే భాష వాడండి. ఇరవై దాటి అంకెలు రానివారు ఒకటి నుంచి పది వరకు మళ్లీ మళ్లీ చెప్పినా చాలు. ఉదయం 38, మధ్యాహ్నం 29, సాయంత్రం 22 అని షీటు మీద కనబడితే ఇరవై దాకా ఆగవలసిన పని లేదు.

దానితో పాటు దిండు మీద నుంచి తల ఎత్తి అయిదు సెకన్లు పట్టమనడం అలవాటు చేసుకోండి. మెడ వంచే కండరాల నరాలూ డయాఫ్రం నరమూ మెడలోని పక్కపక్క వెన్నుభాగాల నుంచే వస్తాయి. మెడ నిలవనివారి శ్వాస ఎంతోసేపు నిలవదు. దగ్గమని వినడం కూడా పరీక్షే. గాలి బయటికి వచ్చే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరులో దగ్గిస్తే నిమిషానికి 270 లీటర్ల కంటే తక్కువ వచ్చినవారు జబ్బు చేసినప్పుడు కఫం తెచ్చుకోలేరు, 160 కంటే తక్కువైతే అసలే తెచ్చుకోలేరు.

పంపే నిర్ణయానికి అంకెలు అడిగారు. నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే గిలాన్ బారే వ్యాధిలో వాడే ‘20, 30, 40’ సూత్రం మీరు వినే ఉంటారు: సామర్థ్యం కిలో బరువుకు 20 మిల్లీలీటర్ల కంటే తక్కువ, లాగే పీడనం 30 కంటే తక్కువ, ఊదే పీడనం 40 కంటే తక్కువ, వీటిలో ఏది వచ్చినా గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టవలసి రావచ్చు. 50 కిలోల మనిషికి 20 మిల్లీలీటర్లంటే ఒక్క లీటరు. కానీ ఆ సూత్రం వెంటిలేటర్ పక్కనే ఉన్న వార్డుల్లో, రోజుల తరబడి ముదిరే జబ్బు కోసం పుట్టింది. కట్లపాము విషంలో బలం గంటల్లో పడిపోతుంది, మీ దగ్గర వెంటిలేటర్ లేదు, మధ్యలో అంబులెన్సు ప్రయాణం ఉంది. నా అభిప్రాయంలో మీరు ఆ గీతల దాకా ఎదురుచూడకూడదు. పాము కరిచినవారిలో రెప్పలు వాలడం మొదలైందంటే, విషానికి విరుగుడు ఇస్తూనే, ఒక్క ఊపిరి లెక్క 30 ఉన్నా సరే పంపే ఏర్పాట్లు చేయాలి. కట్లపాము విషం నరాల కొసలను ఒకసారి దెబ్బతీశాక విరుగుడు ఆ నష్టాన్ని వెనక్కి తేలేదు, కండరాలు తిరిగి పనిచేసేదాకా రోజుల తరబడి వెంటిలేటరే ఆధారం. అంబులెన్సులో చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ నొక్కడం వచ్చినవారు తప్పక ఉండాలి.

పురుగుమందు విషయంలో తంతు వేరు. 2017లో యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టినవారు పలువురు చనిపోయిన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఆ భయం అందరికీ తెలిసింది; అయినా రెండో దశను ఇప్పటికీ చాలామంది గుర్తుపట్టరు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు తాగినవారిలో, ఎక్కినవారిలో, మొదటి చెమటలూ ఉమ్మీ తగ్గి మనిషి తేరుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, భుజాలు, శ్వాస కండరాలు ఒక్కసారిగా నీరసిస్తాయి. 1987లో శ్రీలంక నుంచి సేననాయకే, కరల్లియెద్దె దీన్ని మధ్యదశ రోగంగా వర్ణించారు. సరిగ్గా ఆ సమయంలోనే రోగి ఇంటికి పోతానంటాడు. ఈ నాలుగు రోజులూ ప్రతి నాలుగు గంటలకొకసారి మెడ ఎత్తించడం, లెక్కపెట్టించడం, వీలైతే నోటి పీడనం కొలవడం, మధ్య గంటల్లో వేగాన్ని గమనించడానికి రాడార్ ఉండడం, ఇది మంచి కలయిక. పెట్టెకు న్యాయంగా దక్కవలసిన చోటు అదే.

ముందు ముందు దూరం నుంచి బలాన్ని అంచనా కట్టలేరని నేను అనడం లేదు. ముక్కు ఎగపీల్చినప్పుడు ఛాతీ ఎంత వడిగా కదిలింది, దగ్గు శబ్దం ఎంత తీవ్రంగా ఉంది అన్నవాటి నుంచి లెక్కకట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి, వాటిలో అర్థం ఉంది, ఎందుకంటే అక్కడ రోగి శక్తి కొద్దీ ప్రయత్నిస్తాడు. నిశ్చలంగా పడుకున్నవారిని చూసి మార్కులేసే పెట్టెకు ఆ ఆధారం లేదు. ఏ కంపెనీ వచ్చినా అడగవలసినది: మీ అంకెను నోటి పీడనంతో పోల్చి చూశారా, ఆ పోల్చినవారు నిజంగా కండరాలు బలహీనపడిన రోగులా, లేక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులా? ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో కుదిరిన లెక్క పురుగుమందు ఎక్కిన రైతులో కుదురుతుందని అనుకోవడానికి కారణం లేదు.

కొనుగోలు కాగితం మీద మీరు రాయవలసి వస్తే, ‘శ్వాస వేగాన్ని నిరంతరం గమనించే పరికరం’ అని మాత్రమే రాయండి, బలం అనే మాట ఎక్కడా రానివ్వకండి. బలం మార్కులు తెర మీద కనబడకుండా ఆపివేసే వీలుందా అని అడిగి, ఉంటే ఆపివేయించండి, లేకపోతే రాత్రి డ్యూటీలో ఎవరో ఒకరు దాన్ని నమ్ముతారు. అదే కాగితంలో నోటి పీడన కొలత పరికరం ఒకటి, వడపోతలు, ముక్కు క్లిప్పులు కలిపి అడగండి. పెట్టెను బిగించేటప్పుడు ఫ్యానుకు ఎదురుగా కాకుండా, మంచం తలవైపు గోడకు, ఛాతీ వైపు వంచి, తయారీదారు చెప్పిన దూరంలో పెట్టించండి. కరెంటు పోయినప్పుడు అది ఎంతసేపు బ్యాటరీ మీద నడుస్తుందో కూడా రాయించుకోండి, మీ ఊళ్లో వాన పడిన రాత్రి కరెంటు ఉండదని నాకు తెలుసు, పాములు బయటికి వచ్చేది కూడా ఆ రాత్రుల్లోనే.